పై గల్లీ నీళ్ల ఫోటో

నేను రిటైరైన రోజు ఆఫీసులో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు. నా నిజాయితీ గురించీ క్రమశిక్షణ గురించీ నాలుగు మంచి మాటలు వినబడతాయని కొంగు సర్దుకుని కూర్చున్నాను. ఒక్కరూ ఆ ఊసెత్తలేదు. మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ చెప్పింది ఒకటే మాట: "మన ఫోటో మేడం పోతున్నది."

నేను ఫోటోలు తీసేదాన్ని కాదు. దిగేదాన్ని అంతకన్నా కాదు. కంప్యూటర్లో ఉన్న ఎక్సెల్ షీట్లను ఫోటోలుగా మార్చి వాట్సాప్‌లో పంపేదాన్ని. పాతబస్తీలో, దబీర్‌పురా స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక నీళ్ల సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేరాను, గుమాస్తాగానే దిగిపోయాను. మధ్యలో ఏవో పదోన్నతులు వచ్చాయి కానీ కుర్చీ మారలేదు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. మా హుస్సేనీ ఆలం ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నది ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల కోసం. ఇంత చిన్న పనిలో రాయడానికేముందని మీరు నవ్వుకోవచ్చు. నేనూ మొదట్లో నవ్వుకున్నాను.

షీటు పంపితే ఏమవుతుంది

మా పరిధిలో పదకొండు గల్లీలు. రోజు విడిచి రోజు నీళ్లు. ఏ గల్లీకి ఏ వేళకు, ఎంతసేపు వస్తాయో ఒక షీటులో ఉండేది. గల్లీల పెద్దలందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టిన కొత్తలో నేను ఆ షీటునే నేరుగా పంపాను. సగం మంది ఫోన్లలో అది తెరుచుకోలేదు. తెరుచుకున్నవాళ్లకు గల్లీ పేరు ఒకచోట, టైము మరోచోట కనబడింది.

అంతకంటే ముచ్చటైన సంగతి అత్తర్ గల్లీ పెద్దమనిషిది. ఆయన షీటు తెరిచి, తమ గల్లీకి గంటసేపు అని ఉన్నదాన్ని మూడు గంటలసేపు చేసి, తిరిగి గ్రూపులో పెట్టాడు. అందరూ అదే అసలుదనుకున్నారు. రెండు రోజులు లొల్లి. పిలిచి అడిగితే ఆయన ఏమాత్రం తొణకలేదు.

"నేను మార్చలే మేడం. సలహా రాసిన," అన్నాడు.

ఆ రోజు నిర్ణయించుకున్నాను, ఇక షీటు పంపేది లేదని. ఫోటో అయితే ఎవరి ఫోన్లోనైనా తెరుచుకుంటుంది, అందులో ఎవరూ సలహాలు రాయలేరు. ఫోటోకున్న సుగుణం అదే. దాని దుర్గుణం కూడా అదేనని నాకు తర్వాత తెలిసింది.

నా మొదటి ఫోటో

షీటును ఫోటో చేయడానికి కంప్యూటర్లోనే దారులున్నాయని నాకెవరూ చెప్పలేదు. అందుకని నాకు తెలిసిన దారిలో చేశాను. స్క్రీన్ ముందు నిలబడి ఫోన్‌తో ఫోటో తీసి పంపేశాను. అందులో గల్లీలూ టైములూ ఉన్నాయి. వాటి మీద అడ్డంగా ట్యూబులైటు, దాని కింద కళ్లద్దాలతో నా మొహం, మూలన నా టిఫిన్ డబ్బా కూడా ఉన్నాయి.

పై గల్లీలో కుట్టుమిషన్ పెట్టుకుని బతికే జుబేదా ఆపా ఆ గల్లీ ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు. ఆమెకు టైపు చేయడమంటే చిరాకు, ఏదైనా గొంతుతోనే పంపుతుంది. నా ఫోటో వెళ్లిన అయిదు నిమిషాలకు ఆమె గొంతు వచ్చింది.

"మేడం, టైమింగ్ దిఖ్తా నై. ఆప్ దిఖ్రే!"

టైము కనబడట్లేదట, నేను కనబడుతున్నానట. గ్రూపంతా నవ్వారు. నేను సిగ్గుపడి నా ఫోన్లోంచి ఆ ఫోటో తీసేశాను. ఆపా మాత్రం దాచుకుంది. ఎప్పుడైనా నీళ్లు ఆలస్యమైతే దాన్ని మళ్లీ గ్రూపులో పెట్టి ఉడికించేది. ఈ ఫోటోను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత నేర్చుకున్నాను. కావలసిన గడులు మాత్రం ఎంచుకుని, బొమ్మగా అతికించి, అంచులు కత్తిరించి పంపడం వచ్చింది. మీకు పనికొచ్చే నాలుగు మాటలు ఇక్కడే చెప్పేస్తాను. ఫోటోలో మూడు నిలువు వరుసలకు మించొద్దు. ఫోన్ అడ్డం తిప్పి చూస్తారని ఆశపడొద్దు, తిప్పరు. తేదీ పైన పెద్దగా ఉండాలి, ఎందుకంటే పంపిన ఫోటో ఎన్నేళ్లయినా చావదు. పంపే ముందు ఆఫీసులో అందరికంటే పాత ఫోన్ ఎవరిదో కనుక్కుని దానికి పంపి చూడండి. అందులో కనబడితే ఊరంతటికీ కనబడుతుంది.

వామనరావు సార్ ముచ్చట్లు

మా మేనేజర్ వామనరావు సార్ మంచి మనిషి. ఆయనకు నీళ్ల కంటే నీళ్ల షీటు మీద ప్రేమ ఎక్కువ. గల్లీకో రంగు ఉండాలనేవారు. ఒకసారి కమాన్ గల్లీకి లేత పసుపు అక్షరాలు పెట్టించారు. తెల్లటి షీటు మీద అవి ఎవరికీ కనబడలేదు. ఆ వారమంతా కమాన్ గల్లీ వాళ్లు తమ పేరు తీసేశారని ఆఫీసు చుట్టూ తిరిగారు.

"సరళమ్మా, జర కళాత్మకంగ ఉండాలె," అనేవారు సార్.

"నీళ్లు కళాత్మకంగా రావు కద సార్," అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు, రంగు మాత్రం మార్చనిచ్చేవారు కాదు. పైవాళ్ల రంగుల పిచ్చి వల్ల పెద్ద నష్టమేమీ లేదని ఇన్నేళ్ల అనుభవంతో చెబుతున్నాను. భరించండి.

నర్సింగన్న గడియారం

నీళ్లు వదిలేది ఆఫీసు కాదు, షీటు కాదు, లైన్‌మన్. మా లైన్‌మన్ నర్సింగన్న. భుజాన పొడవాటి ఇనుప రాడ్డు పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగి, రోడ్డు కింద ఉన్న వాల్వులు తిప్పేవాడు. ఇరవై ఏళ్లకు పైగా అదే పని, అదీ కాంట్రాక్టు మీదే. చదువు లేదు. పేరు మటుకు గీస్తాడు.

మొట్టమొదట షీటు తయారుచేసేటప్పుడు టైములన్నీ ఆయన నోటి నుంచి రాసుకున్నవే. నేను పెన్ను పట్టుకుని కూర్చుంటే ఆయన చెప్పిన తీరు ఇదీ.

"పొద్దుగాల అజాన్ అయినంక చాయ్ తాగి పై గల్లీ ఇప్పుత. ఇస్కూల్ గంట కొట్టినంక బావి గల్లీ. దబీర్‌పురాల రైలు పోయినంక కమాన్ గల్లీ. దోపారి నమాజ్ అయినంక..."

"రైలు ఆలస్యమైతే నర్సింగన్నా?"

"నీళ్లు గూడ ఆలస్యమైతయి మేడం. గండ్ల ఏమున్నది?"

ఆయన అజాన్లనూ రైళ్లనూ నేను గంటల్లోకి, నిమిషాల్లోకి మార్చి గడుల్లో కూర్చాను. పై గల్లీకి అయిదున్నర అని రాశాను. చలికాలంలో అది అయిదున్నర కాదని పై గల్లీలో అందరికీ తెలుసు. అయినా ఎవరూ తప్పుపట్టలేదు. వాళ్లు నా షీటును చూసేవాళ్లు, నర్సింగన్న రాడ్డు చప్పుడును వినేవాళ్లు.

నర్సింగన్న మాత్రం నా ఫోటోలు ఎప్పుడూ చూడలేదు. "నా ఫోన్ల ఫోటోలు రానియ్య మేడం, మెమరీ నిండుతది," అనేవాడు.

నేను చేసిన పని

ఒక ఎండాకాలం కొత్తగా ఒక గల్లీ మా కిందికి వచ్చింది. దాన్ని చివర చేర్చి ఫోటో పంపాలి. వామనరావు సార్ షీటు చూసి, గల్లీల పేర్లు అక్షర క్రమంలో ఉంటే పద్ధతిగా ఉంటుందన్నారు. సరేనని నేను పేర్ల వరుసను ఎంచుకుని క్రమంలో పెట్టే బటను నొక్కాను. కంప్యూటర్ ఆగి ఒక ప్రశ్న అడిగింది. పక్కనున్న వరుసలను కూడా దీంతోపాటు కదిలించమంటారా, వద్దా?

అంతకుముందు రోజే గంటసేపు కూర్చుని గీతలు సరిచేసి, రంగులు దిద్ది, ఫోటోలో అందంగా ఇమిడేలా చేసుకున్న షీటు అది. అన్నీ కదిలితే నా సింగారమంతా చెదురుతుందని భయపడ్డాను. వద్దు అన్నాను.

పేర్లు కదిలాయి. టైములు ఉన్నచోటే ఉన్నాయి. అన్నిటికంటే మొదట ఉండాల్సిన పై గల్లీ ఎనిమిదో వరుసకు దిగి, మధ్యాహ్నం మూడు గంటల పక్కన కూర్చుంది. ఫోటో చూడముచ్చటగా వచ్చింది. పైన "సవరించిన వేళలు" అని పెద్దక్షరాలతో రాసి గ్రూపులో పెట్టాను. సార్ బొటనవేలు గుర్తు పెట్టారు.

షీటులో అయితే ఎవరో ఒకరు వేలుపెట్టి, ఇదేందని తిరగేసేవాళ్లు. ఫోటోను ఎవరూ తిరగేయరు. చూసి నమ్ముతారు.

ఖాళీ బిందెలు

కింది గల్లీల్లో ఇళ్లకు సంపులున్నాయి. నీళ్లు ఎప్పుడొచ్చినా నిండుతాయి, అక్కడ ఫోటో చూసే అవసరమే ఎవరికీ లేదు. పై గల్లీ ఎత్తు మీద ఉంటుంది, సంపులు లేవు, నల్లా దగ్గర నిలబడి పట్టుకోవాలి. పొద్దున్నే లేవక్కర్లేదని వాళ్లు నా ఫోటో చూసి సంబరపడ్డారట. నల్లాలు కట్టేసి హాయిగా పడుకున్నారు. నర్సింగన్న ఎప్పటిలాగే అజాన్ అయ్యాక వచ్చి వాల్వ్ తిప్పి పోయాడు. మూడింటికి అందరూ బిందెలు పెట్టుకుని నల్లాలు తిప్పితే గాలి వచ్చింది.

ఒకసారి తప్పితే నాలుగు రోజులు నీళ్లు లేనట్టు. రెండోసారి కూడా తప్పాక జుబేదా ఆపా పది పన్నెండు మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఖాళీ బిందెలతో ఆఫీసుకు వచ్చింది. బిందెలు వామనరావు సార్ టేబుల్ చుట్టూ పేర్చారు. కింది గల్లీలో నర్సింగ్ బామ్మర్ది ఉన్నాడని, నీళ్లన్నీ అటే తిప్పుతున్నాడని ఒకామె అంది. నర్సింగన్నకు బామ్మర్దులే లేరు. కానీ బిందెల చప్పుడులో ఆ మాట ఎవరు వింటారు?

సార్ నర్సింగన్నను పిలిపించి, తన ఫోన్‌లో నా ఫోటో తెరిచి ముందు పెట్టారు.

"పై గల్లీకి మూడు గంటలని రాసి లేదా? నువ్వు పొద్దుగాల ఎందుకు ఇప్పినవ్?"

నర్సింగన్న ఫోటోను చాలాసేపు చూశాడు. ఆయన కోపగిస్తాడనీ, గొడవపడతాడనీ నేను అనుకున్నాను. ఆయన రాడ్డును గోడకు ఆనించి చేతులు కట్టుకున్నాడు.

"ఫోటోల ఉన్నదంటే అట్లనే ఉండొచ్చు సార్. నేనే మర్సిపోతున్ననేమో. మా బాపుకు గూడ గిట్లనే షురూ అయింది. ఒకనాడు చార్మినార్ కాడికి పోయి ఇంటికి తొవ్వ మర్సిపోయిండు. నా వయసే అప్పుడు ఆయనకు."

సార్ నెమ్మదిగానే చెప్పారు, సోమవారం నుంచి లైన్ మీదికి వేరే మనిషిని పంపిస్తానని, ఇంటి దగ్గర ఉండి వైద్యం చేయించుకోమని. కాంట్రాక్టు మనిషికి ఇంటి దగ్గర ఉండమంటే పని పోయిందనే అర్థం. సార్ నా వైపు తిరిగి, ఆ మేరకు ఉత్తరం టైపు చేయమన్నారు.

బయటికి పోతూ నర్సింగన్న నా టేబుల్ దగ్గర ఆగాడు.

"ఒక్కటే సమజైతలేదు మేడం. మూడు గంటలకు కిందోళ్ల మోటర్లన్నీ నడుస్తయి. పై గల్లీకి నీళ్లు ఎక్కనే ఎక్కయి. గసొంటి టైం నేను ఎట్ల చెప్పిన్నో నాకే యాదికొస్తలేదు."

ఆయన చెప్పలేదు కాబట్టే గుర్తు రాలేదు. ఆ మాట నా చెవిలో పడగానే నేను నొక్కిన బటను మీద అనుమానం వచ్చింది. షీటు తెరిచి చూస్తే పాత వరుస లేదు, దాని మీదే సేవ్ చేసేశాను. మొదటి ఫోటో నేనే తీసేశాను, తర్వాతివి కూడా కొత్తది పంపగానే పాతది తీసేసేదాన్ని. అప్పుడు ఆపా గుర్తొచ్చింది. వసారాలో బిందెలు సర్దుకుంటున్న ఆమె దగ్గరికి పోయి, నా మొహం ఉన్న ఆ ఫోటో ఇంకా ఉందా అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఫోన్ తీసి పంపింది.

ట్యూబులైటు కింద, నా కళ్లద్దాల పైన, మొదటి వరుస: పై గల్లీ, అయిదున్నర.

ఒక గంట

ఇప్పుడు రాసేది నాకు ఇష్టం లేదు, కానీ ఇది రాయకపోతే పైదంతా రాసి ఉపయోగం లేదు. నిజం తెలిశాక గంటసేపు నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. సగం టైపు చేసిన ఉత్తరం ముందు కూర్చున్నాను. చాయ్ తాగాను. చల్లారిపోతే ఇంకొకటి తెప్పించుకున్నాను. ఎవరికీ చెప్పకుండా కొత్త ఫోటో పెట్టేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఫోటో మేడం అనే పేరు నాకు అంత ముద్దుగా ఉండేదని ఆ గంటలోనే తెలిసింది. కిటికీలోంచి చూస్తే బయట బల్ల మీద నర్సింగన్న కనబడుతున్నాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెడుతూ, మధ్యలో ఆగి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతున్నాడు. గల్లీలను.

అది చూశాక కూర్చోలేకపోయాను. పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

"నర్సింగన్నా, ఏ గల్లీకి ఎప్పుడో ఒకసారి చెప్పు."

"ఎందుకు మేడం, తప్పు చెప్త."

"చెప్పు నువ్వు."

ఆయన పరీక్షకు కూర్చున్నవాడిలా గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. అజాన్, ఇస్కూల్ గంట, రైలు. నేను ఆపా పంపిన ఫోటోను ఫోన్లో పెద్దది చేసుకుని, నా మొహం వెనకనున్న అక్షరాలను పట్టిపట్టి చదువుతూ ఒక్కో వరుస సరిచూశాను. పదకొండుకు పదకొండూ సరిపోయాయి. పన్నెండోదైన కొత్త గల్లీ కూడా చెప్పాడు.

"నీ మతి ఎక్కడికీ పోలేదు. తప్పు ఫోటోల ఉంది. అది నేను చేసిన," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు.

"మళ్లొకపారి చెప్పు మేడం."

చెప్పాను. ఆయన తువ్వాలతో మొహమంతా తుడుచుకుని, అది మొహం మీదే ఉంచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

వామనరావు సార్‌కు చెబితే కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "అక్షర క్రమం అడిగింది నేనే కదమ్మా," అన్నారు. ఆ మాటకు ఆయన రంగులన్నీ మాఫ్ చేశాను. ఉత్తరం చింపేశారు. ఆ తర్వాత మాత్రం మళ్లీ ఆఫీసరైపోయారు.

"తప్పు గిప్పు అని రాయకు. మళ్ల సవరించిన వేళలు అని పెట్టెయ్. అయిపోతది."

"అట్ల పెడితే నర్సింగన్నే తప్పు చేసినట్టు ఉంటది సార్."

ఫోటో అడుగున ఒక వరుస చేర్చాను: "పాత ఫోటోలో టైములు తప్పు. తప్పు చేసింది సరళ. నర్సింగన్న చెప్పిందే కరెక్టు." సార్ చూసి, పోనీ ఆ అక్షరాలు కొంచెం చిన్నగా పెట్టమన్నారు. నేను గల్లీల పేర్ల కంటే పెద్దగా పెట్టాను. రంగు ఆయన ఇష్టానికే వదిలేశాను.

గ్రూపులో పెట్టిన వెంటనే ఆపా గొంతు వచ్చింది. "నర్సింగ్ భాయ్, మాఫ్ కరో. మేడం, ఆప్కు తో మైఁ దేఖ్ లేతూఁ." ఆయనకు క్షమాపణ, నాకు హెచ్చరిక. మర్నాడు పొద్దున పై గల్లీలో మూడు ఇళ్లవాళ్లు నర్సింగన్నకు చాయ్ పోశారట. నేను ఆ గల్లీకి పోతే వారం దాకా ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. నల్లాల్లో నీళ్లు వస్తున్నా సరే.

ఇప్పుడు

ఆ తప్పు ఫోటో ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్న మా వదిన నాకే పంపింది, ముఖ్యమైన సమాచారమట, పదిమందికి పంపాలట. తేదీ పెద్దగా పెట్టమని ఊరికే చెప్పలేదు నేను. షీటులోని తప్పును దిద్దొచ్చు. ఫోటోలోని తప్పుకు ఎదురుగా ఇంకో ఫోటో పంపడమే మనం చేయగలిగింది, అది కూడా మన పేరు పెట్టి. పంపే ముందు ఆ పని చేతులతో చేసే మనిషి ఎవరో, ఆయన్ను పిలిచి చదివి వినిపించండి. నేను ఆ పని చేసి ఉంటే అయిదు నిమిషాలు పట్టేది.

కిందటి నెల గాజుల కోసం చార్మినార్ దగ్గరికి పోతే నర్సింగన్న, ఆయన భార్య ఎదురయ్యారు. ఆయన ఇంకా లైన్ మీదే ఉన్నాడు. ఆమె నవ్వుతూ చాడీ చెప్పింది.

"జర మీరన్న చెప్పుండ్రి మేడం. ఉప్పు తెమ్మంటే పప్పు తెస్తడు. అన్నీ మర్సిపోతుండు."

నర్సింగన్న జేబులోంచి ఫోన్ తీశాడు. మెమరీ నిండుతుందని ఫోటోలు రానివ్వని ఆ ఫోన్లో ఒకే ఒక్క ఫోటో ఉంది. దాన్ని భార్య మొహం ముందు పెట్టి, వేలు ఆనించి, ఒక్కో మాటా గట్టిగా చదివాడు. "పాత ఫోటోల టైములు తప్పు. తప్పు చేసింది సరళ. నర్సింగన్న చెప్పిందే కరెక్టు."

ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. వేలు మాత్రం పైనున్న తేదీ మీద ఉంది. నేను సరిచేయలేదు.